బుడంకాయకు తగిన క్రాంకు

ఆ రోజుల్లో సైకిల్ ఇంటికి తెచ్చుకోవడమంటే కొత్త అల్లుణ్ణి తెచ్చుకోవడంలాంటిది. వచ్చినవాడు ఎలా ఉంటే అలాగే ఉంటాడు, సర్దుకోవలసింది మనమే. (మా బావ ఇది చదువుతాడని తెలిసే రాస్తున్నాను.) రవికె కుట్టాలంటే దర్జీ భుజం నుంచి మోచేతి దాకా కొలిచేవాడు, చెప్పుల కొట్టువాడు పాదం కిందకి వంగి మరీ చూసేవాడు. సైకిల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆరడుగుల హవల్దారుకీ నాలాంటిదానికీ ఒకటే కొలత. అందకపోతే సీటు దించేవారు. ఇంకా అందకపోతే, "తొక్కగా తొక్కగా అదే అలవాటవుతుందిలే" అనేవారు. తొక్కగా తొక్కగా కాళ్ళు పొడుగవుతాయని వాళ్ళ ఉద్దేశమో ఏమో నాకిప్పటికీ తెలియదు. నా కాళ్ళు మాత్రం పొడుగవలేదు. అందువల్ల ఎనభైల మొదట్లో, రాయపూర్‌లో గుఢియారీ వైపు రైల్వే క్వార్టర్లలో, ఒక వారంపాటు మా ఇంట్లో వంటకంటే ఎక్కువ ధ్యాస నా మోకాళ్ళ మీద నడిచింది.

మాది పశ్చిమ గోదావరి. నాన్నగారు గూడ్సు బండ్ల గార్డు. ఆయన ఉద్యోగంతోపాటే మేమూ వచ్చి రాయపూర్‌లో స్థిరపడిపోయాం. మా అక్కా నేనూ బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఇంట్లో గోదావరి తెలుగూ మాట్లాడుతూ పెరిగాం. అమ్మ హిందీ మాత్రం కూరగాయల బండి దగ్గర మొదలై అక్కడే ఆగిపోయింది. అక్క నాన్నగారి పోలిక, తాటిచెట్టులా పొడుగ్గా ఉంటుంది. నేను అమ్మమ్మ పోలిక. అయిదడుగులు అందుకోవాలని చాలా ప్రయత్నించి, అందకముందే ఆగిపోయినదాన్ని. అందుకే బావ నన్ను బుడంకాయ అనేవాడు. బావ అంటే అక్క భర్త, మా పక్క వరస క్వార్టర్లోనే ఉండేవాడు. ఇంజనీరింగు ఆఫీసులో నక్షాలు గీసే ఉద్యోగం కావడంతో ఆయనకి ప్రపంచంలో కొలవకుండా వదిలేయదగిన వస్తువు కనిపించేది కాదు. అక్క వేసిన దోసెకి అడ్డంగా స్కేలు పెట్టి చూసిన మనిషి.

నేను నర్సు ట్రైనింగు పూర్తి చేసి వచ్చిన కొత్త. బీర్‌గావ్‌లో ఫ్యాక్టరీ కార్మికుల ఇళ్ళ మధ్య ఒక డాక్టరమ్మ చిన్న ప్రసూతి ఆసుపత్రి పెట్టి, సోమవారం నుంచి వచ్చి చేరమంది. పొద్దున్న ఏడింటికల్లా ఉండాలి. ఆ వేళకి వచ్చే బస్సుకి లోపల ఎంతమంది ఉంటారో బయట వేలాడుతూ అంతమంది ఉంటారు. నా పొడుగుకి వేలాడటానికి కడ్డీ కూడా అందదు. ఇక మిగిలింది సైకిల్. లారీలు తిరిగే రోడ్డని నాన్నగారు రెండు రోజులు నాన్చి, మూడో రోజు అన్నం తింటూ తన తీర్పు చెప్పారు.

"చూడమ్మా, దారిలో పట్టాల మీద వంతెన ఉంది కదా. మధ్యలో దిగకుండా ఎక్కాలి, పడకుండా దిగాలి. ఆదివారం నా ఎదురుగా అది చేసి చూపించు. సోమవారం నుంచి వెళ్దువుగాని. లేదంటే ఆ డాక్టరమ్మకి వేరే అమ్మాయిని చూసుకోమని నేనే చెప్పొస్తాను."

వేరే అమ్మాయి అప్పటికే సిద్ధంగా ఉందని నాకు తెలుసు. నాతోపాటు చదివినదే. నాకంటే జానెడు పొడుగు కూడాను.

అక్క పనిచేసే బళ్ళో ఒక టీచరమ్మ బదిలీ మీద వెళ్ళిపోతూ తన లేడీస్ సైకిల్ మాకిచ్చింది. ముందు బుట్ట, వెనక చీర చిక్కకుండా వల, గణగణలాడే గంట, అన్నీ ఉన్నాయి. నాన్నగారు సీటుని దించగలిగినంత దించారు. అమ్మ ప్రార్థన చేసింది. (అమ్మ ప్రార్థన లేకుండా మా ఇంట్లో కుక్కరు కూడా కూత వేసేది కాదు.) నేను ఎక్కి తొక్కాను. పెడలు పైకి వచ్చినప్పుడు మోకాలు దాదాపు గడ్డాన్ని పలకరించింది, కిందికి వెళ్ళినప్పుడు పాదాన్ని గాల్లో వదిలేసి తన దారిన తాను పోయింది. పోయిన పెడలు కోసం నేను కాలితో వెతుక్కుంటూ ఉండగానే సైకిల్ వంకర తిరిగి, పక్కింటి కాకీ (అక్కడ పిన్నిని అలాగే పిలుస్తారు) మంచం మీద ఎండబెట్టిన మినప వడియాల్లోకి నన్ను తీసుకెళ్ళి పడేసింది. కాకీ పరుగెత్తుకొచ్చింది. "కా హోగే నోనీ?" అంటూ, ఏమైందే పిల్లా అని లేవదీసి, నన్నూ సైకిల్నీ మార్చి మార్చి చూసి, మా అమ్మతో జాలిగా అంది.

"నోనీ కే గోడ్ ఛోటే హే, అమ్మా. గోడ్ ఛోటే హే."

ఛత్తీస్‌గఢీలో గోడ్ అంటే కాళ్ళు. పాపం ఆవిడ అన్నది నా కాళ్ళు పొట్టివని. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, మొహం గంటు పెట్టుకుంది.

"మన గోడ చిన్నదైతే ఈవిడకేంటంట? రైల్వేవాళ్ళు కట్టించిన గోడ. పెద్దది కావాలంటే ఆఫీసుకెళ్ళి అడగమను!"

నా ఒంటికి అంటుకున్న మినప్పిండి దులుపుతూ అక్క నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూలబడిపోయింది. ఆ తరవాత రెండు రోజులు అమ్మ మా పెరటి గోడని అనుమానంగా చూస్తూనే ఉంది.

సాయంత్రం బావ వచ్చాడు. సైకిల్ని స్టాండు మీద నిలబెట్టి, నన్ను ఎక్కించి, తాను నేల మీద బోర్లా పడుకుని నా పాదం తిరిగే తీరు కాసేపు చూశాడు. తరవాత లేచి, జబ్బు కనిపెట్టిన డాక్టరులా చేతులు దులుపుకున్నాడు.

"సీటుది కాదు తప్పు, నీదీ కాదు బుడంకాయ్. ఇదిగో, పెడల్ని మధ్య ఇరుసుతో కలిపే ఈ ఇనప కడ్డీ ఉందే, క్రాంకు, ఇదీ దొంగ. నీ కాలికి ఇది మరీ పొడుగు. ఎంత పొడుగైతే పాదం అంత పెద్ద సున్నా చుట్టాలి. పైన మోకాలు ఎక్కువ లేస్తుంది, కింద కాలు అందదు. కడ్డీ పొట్టి చేస్తే రెండూ ఒకేసారి కుదురుతాయి."

"మరి ఎంత ఉండాలి బావా?"

"కాలు పొడుగులో అయిదో వంతు," అన్నాడు తడుముకోకుండా. అది ఎక్కడో చదివాడో, అప్పుడే పుట్టించాడో ఆ పైవాడికే తెలియాలి. వెంటనే నన్ను గోడకి ఆనించి నిలబెట్టి, అక్కచేత టేపు పట్టించి, తాను అయిదడుగుల దూరంలో నిలబడి అంకెలు అరవమన్నాడు. ఇదంతా వీధి గుమ్మంలో. అమ్మకి ప్రాణం పోయినంత పనైంది. "అల్లుడుగారూ, పెళ్ళి కావలసిన పిల్ల, వీధిలో నిలబెట్టి కాళ్ళు కొలుస్తారేంటండీ!" అని గుమ్మానికి అడ్డంగా దుప్పటి కట్టింది. దుప్పటి కట్టాక అసలేం జరుగుతోందో చూద్దామని పక్క వరస వాళ్ళు కూడా వచ్చారు.

లెక్క తేలింది. అంత పొట్టి క్రాంకు పెద్ద సైకిళ్ళకి దుకాణాల్లో ఉండదు. అయినా బావ వెనక్కి తగ్గే రకం కాదు. మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ ఎక్కడో సంపాదించి ఒక పొట్టి క్రాంకు తెచ్చాడు. ఒకటే తెచ్చాడు. ఎడమవైపుది విడిగా దొరుకుతుందట, కుడివైపుది గొలుసు తిరిగే పళ్ళచక్రంతో కలిసే ఉంటుందట, అది రేపట్లోగా చూస్తానన్నాడు. పానా పట్టుకుని, క్రాంకుని ఇరుసుకి పట్టి ఉంచే కాటర్ పిన్ను సుత్తితో కొట్టి ఊడదీసి, ఎడమవైపు పొట్టిది బిగించాడు. రేపటిదాకా ఆగమని చెప్పే లోపలే నేను ఎక్కేశాను. నాకు ఆదివారం దగ్గర పడుతోంది.

ఎడమ కాలికి చిన్న సున్నా, కుడి కాలికి పెద్ద సున్నా. ఎడమ కాలు హాయిగా తిరిగి వచ్చేది. కుడి కాలు కిందికి వెళ్ళిన ప్రతిసారీ నడుం ఒరిగి, భుజం వంగి, తల ముందుకి వాలేది. మళ్ళీ లేచేది. మళ్ళీ వాలేది. అయితే ఆశ్చర్యం, సైకిల్ పోతోంది! పడటంలేదు! ఆ సంతోషంలో నేను మా వరస దాటి గుఢియారీ బజార్లోకి వెళ్ళిపోయాను. అటుకుల కొట్టు ముందు కూర్చున్న ముసలాయన నన్ను చూసి చప్పున లేచి, చేతులు జోడించి "రామ్ రామ్ బేటీ" అన్నాడు. నాకు అర్థంకాలేదు. పక్కన బట్టల కొట్టాయన కూడా తల వంచాడు. పాన్ డబ్బా దగ్గర ముగ్గురు ఒకేసారి వంచారు. బజారంతా నాకు వంగి వంగి దండాలు పెడుతోంది. సగం దూరం పోయాక తట్టింది, ముందు పెట్టింది నేనేనని. కుడి పెడలు తొక్కిన ప్రతిసారీ నేను ఎదురుగా ఉన్నవాళ్ళకి భక్తిగా తల వంచుతున్నాను. ఆపుదామంటే ఆపలేను, ఆపితే పడతాను. ఆవుకీ, అరటిపళ్ళ బండికీ, పోలీసుకీ, మూసేసిన తపాలా ఆఫీసుకీ అందరికీ దండం పెట్టుకుంటూ ఇల్లు చేరాను.

ఆ రాత్రి నాన్నగారు డ్యూటీ నుంచి వచ్చి, టోపీ తీస్తూ అయోమయంగా అన్నారు. "స్టేషన్లో అటుకుల కొట్టు పెద్దాయన కలిశాడమ్మా. గార్డ్ సాహబ్, ఆప్ కీ బేటీ కే క్యా సంస్కార్ హైఁ, మీ అమ్మాయికి ఎంత మర్యాదో అని ఒకటే పొగుడుతున్నాడు. ఏం చేశావు?"

"సైకిల్ తొక్కానండి," అన్నాను.

కుడివైపు సంగతి బావ అన్న మాట ప్రకారమే చూశాడు. ఎవరిదో విరిగిపోయిన పిల్లల సైకిల్ నుంచి పళ్ళచక్రం, దానితో జతగా వచ్చే రెండు క్రాంకులూ ఊడదీసి తెచ్చాడు. అవి ఆయన చెప్పిన అయిదో వంతు కంటే కూడా పొట్టివి. "తక్కువైతే నష్టమేముంది? మోకాలికి ఇంకా సుఖం," అన్నాడు. నిజంగానే మోకాళ్ళకి ఏ బాధా లేదు. అసలు అవి కదిలినట్టే ఉండేవి కావు. పాదాలు మాత్రం గిరగిరా గిరగిరా తిరిగేవి. అంత తిరిగినా సైకిల్ నడిచే మనిషి పక్కన తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటూ పోయే వేగంతో పోయేది. అక్క అరుగు మీద నుంచి, "ఏమే, ఎవరి రవికె కుడుతున్నావే?" అని అరిచింది. నిజమే, కుట్టుమిషను తొక్కుతున్నట్టే ఉంది.

శుక్రవారం నాన్నగారికి డ్యూటీ లేదు. ముందే ఒకసారి చూద్దాం పద అని వంతెన దగ్గరికి తీసుకెళ్ళారు. బావ సెలవు పెట్టి మరీ వచ్చాడు. అమ్మ ఇంటి దగ్గరే, నేను ఒక కాలు పెడలు మీద, ఒక కాలు నేల మీద పెట్టుకుని నిలబడి ఉండగా ప్రార్థన మొదలుపెట్టింది. "ప్రభువా, ఇశ్రాయేలీయులను ఎర్రసముద్రం దాటించావు, ఈ పిల్లను ఈ వంతెన దాటించు తండ్రీ," అని మొదలెట్టి, లారీ డ్రైవర్లందరి కళ్ళూ కాపాడమని వేడుకుని, నా కాలు తిమ్మిరెక్కాక ఆమెన్ అంది. వంతెన ఎత్తు మొదలవగానే ఆ పొట్టి క్రాంకుల అసలు గుణం బయటపడింది. అంత చిన్న కడ్డీ మీద ఎంత బలంగా తొక్కినా చక్రానికి బలం అందదు. పాదాలు తిరగడం మానేశాయి. సైకిల్ ఒక్క క్షణం నిలబడి ఆలోచించుకుని, మర్యాదగా వెనక్కి బయలుదేరింది. వెనక నడుస్తున్న నాన్నగారు క్యారియర్ పట్టుకోకపోతే తిన్నగా ఇంటికే చేరేదాన్నేమో. మళ్ళీ ఎక్కాను. మళ్ళీ అంతే. ఎడ్లబండి ఒకటి మమ్మల్ని దాటిపోయింది. ఎడ్లు కూడా తలతిప్పి చూశాయి.

నాన్నగారు కోప్పడి ఉంటే నాకు నయంగా ఉండేది. ఆయన నా భుజం మీద చెయ్యేసి, మెత్తగా, "వద్దులేమ్మా. వెళ్ళడానికే ఇంత కష్టపడితే అక్కడికెళ్ళి పనేం చేస్తావు?" అన్నారు. దారంతా సైకిల్ నడిపించుకుంటూ వచ్చాను. బావ మాత్రం "ఇంకో అర అంగుళం..." అని మొదలెట్టబోయాడు. "బావా, మీరింక నా కాళ్ళ గురించి మాట్లాడితే ఆ పానా తీసుకెళ్ళి నూతిలో పడేస్తాను," అన్నాను. పాపం, ఆయన మొహం వాడిపోయింది. ఆ రోజు దోసెని కూడా కొలవకుండా తిన్నాడని అక్క తరవాత చెప్పింది.

శనివారం పొద్దున్నే అక్క వచ్చి నన్ను లేపింది. "ముసుగు తియ్యవే. చెప్పులు కొనేటప్పుడు లెక్కలు కడతామా? వేసుకుని నాలుగడుగులు నడిచి చూస్తాం. పద." ఎక్కడికంటే గుఢియారీలో గంటల లెక్కన సైకిళ్ళు అద్దెకిచ్చే కొట్టుకి. ఆ కొట్లో ఒక్క సైకిలూ ఒక తల్లి బిడ్డ కాదు. ఒకదాని చక్రం, ఇంకొకదాని హ్యాండిలు, మరొకదాని పెడళ్ళు, ఎన్నో చచ్చిపోయిన సైకిళ్ళ ఎముకలన్నీ ఏరి కట్టినవి. పెద్దవీ, నడిమివీ, అర సైకిళ్ళూ గోడకి వరసగా ఆనించి ఉన్నాయి. అక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. నేను ఒక్కోటీ తీసి, చింతచెట్టు దాకా తొక్కి, వెనక్కి తెచ్చి, ఇంకోటి తీసుకోవడం మొదలుపెట్టాను. ఒకదానికి కాలందదు. ఒకదానికి మోకాలు హ్యాండిలుకి కొట్టుకుంది. ఒకటి ఎక్కగానే సీటు ఊడింది. కొట్టు యజమాని బీడీ నోట్లోంచి తీసి, విసుగ్గా, "చూరీ పసంద్ కరత్ హస్ కా, నోనీ?" అన్నాడు, గాజులు ఎంచుకుంటున్నావా పిల్లా అని. అక్క ఏమాత్రం తొణక్కుండా, "హాఁ, చూడియాఁ హీ హైఁ, పైర్ కీ," అంది. అవును, గాజులే, కాళ్ళవి. ఆయన మళ్ళీ బీడీ నోట్లో పెట్టుకున్నాడు.

మూల నిలబెట్టిన ఒక నడిమి సైజు సైకిల్ ఉంది. మడ్‌గార్డు లేదు, బ్రేకు ఒకటే, రంగు ఏమిటో ఎవరికీ గుర్తులేదు. దాని మీద ఎక్కి రెండు తొక్కులు తొక్కానో లేదో నాకు తెలిసిపోయింది. ఎలా తెలిసిందంటే, కాళ్ళ సంగతే మరిచిపోయాను. అంతవరకూ మోకాలు ఎక్కడుంది, పాదం ఎక్కడుంది అని లెక్కపెట్టుకోవడమే సరిపోయేది. ఇప్పుడు చింతచెట్టు కనిపించింది. చెట్టు కింద కునుకు తీస్తున్న కుక్క కనిపించింది. రైలు గేటు దగ్గర కాస్త మిట్ట ఉంటే అది కూడా ఎక్కి చూశాను. తొడల్లో బరువు తెలిసింది, అయినా సైకిల్ ఎక్కింది. వెనక్కి వచ్చి దిగకుండానే, "అక్కా, ఇదే! దీని క్రాంకులే నావి!" అని అరిచాను. అద్దె కొట్టాయనకి ఆ క్రాంకుల మీద ప్రేమేమీ లేదు. మా సైకిల్‌తో వచ్చిన, పెద్దగా అరగని పొడుగువి ఇస్తామనగానే "లే జా, లే జా," పట్టుకుపో అని పానా తనే తీసిచ్చాడు, మేం మనసు మార్చుకుంటామేమో అన్నంత తొందరగా. సాయంత్రానికల్లా అవి పళ్ళచక్రంతో సహా మా సైకిల్‌కి ఎక్కాయి.

ఆదివారం ఆరాధన అయ్యాక, మందిరం బట్టల్లోనే అందరం వంతెన దగ్గరికి బయలుదేరాం. అమ్మ ప్రార్థన ఈసారి దారిలోనే కానిచ్చింది. నాన్నగారు తన సైకిల్ మీద నా వెనక, బావ అక్కని క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని ఆ వెనక, అమ్మ రిక్షాలో. ఎత్తు మొదలైంది. నేను ముందుకి వంగి, ఒక్కో తొక్కూ పూర్తిగా కిందిదాకా తొక్కాను. మోకాలు లేస్తోంది, దిగుతోంది, పాదం పెడల్ని వదలడంలేదు. ఊపిరి బరువైంది. "నెమ్మదమ్మా, నెమ్మది," అని వెనక నుంచి నాన్నగారి గొంతు. తరవాత ఆ గొంతు కాస్త దూరమైంది. ఆ తరవాత వినిపించలేదు. వంతెన మీదికి వచ్చి చూస్తే నాన్నగారు సగంలోనే దిగి సైకిల్ నడిపించుకుంటూ వస్తున్నారు. కింద పట్టాల మీద గూడ్సు బండి ఒకటి పోతోంది, ఎదురుగా రోడ్డు పల్లంలోకి జారిపోతోంది. అక్కడ ఆగాలని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను. కానీ సైకిల్‌కీ నాకూ అప్పుడే స్నేహం కుదిరింది కదా, బ్రేకు మీద చెయ్యి పడలేదు. ఓణీ వెనక్కి ఎగురుతూ ఉంటే, చెవుల్లో గాలి హోరుమంటూ ఉంటే, అలా దిగిపోయాను. దిగాక కూడా ఆగబుద్ధి కాలేదు. లారీలు దాటాయి, నేను పక్కకి తప్పుకున్నాను, మళ్ళీ తొక్కాను. అలా తిన్నగా బీర్‌గావ్ వెళ్ళి, ఆసుపత్రి గేటు ముట్టుకుని, బట్టలారేస్తున్న డాక్టరమ్మ "అరే, ఆజ్ తో ఇత్వార్ హై!" అని, ఇవాళ ఆదివారం కదా అన్నట్టు ఆశ్చర్యపోతూ ఉంటే, "జానతీ హూఁ మేడమ్, కల్ ఆవూఁగీ" అని, తెలుసు రేపొస్తానని చెప్పి వెనక్కి తిరిగాను.

ఈలోగా వంతెన అవతల మావాళ్ళు నాకోసం వెతుకుతున్నారట. అమ్మ రిక్షా దిగి, గట్టు కింద తుప్పల్లోకి తొంగి చూస్తూ, ఈసారి ఇశ్రాయేలీయుల ఊసు లేకుండా గట్టిగానే ఏడుస్తోందట. దూరం నుంచి నా గంట వినపడగానే నాన్నగారు రోడ్డుకి అడ్డంగా నిలబడ్డారు.

"ఎక్కడికెళ్ళావు?"

"బీర్‌గావ్ అండి."

"నేను వంతెన ఎక్కి దిగమన్నాను. బీర్‌గావ్ వెళ్ళమన్నానా?"

"మీరే కదా నాన్నగారూ, ఎక్కితే వెళ్దువుగాని అన్నారు!"

ఆయన కోపంగా మొహం పెట్టడానికి శాయశక్తులా ప్రయత్నించారు. మీసం వణికింది. చివరికి అటు తిరిగి నవ్వేశారు. బావ అప్పటికే రోడ్డు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని నా క్రాంకుని స్కేలుతో కొలుస్తున్నాడు. (సూటు వేసుకుని మందిరానికి వచ్చిన మనిషి, జేబులో స్కేలు!) అంకె చూసి కాసేపు గొణుక్కుని, లేచి గంభీరంగా ప్రకటించాడు. "నేను చెప్పిందే. కాలు పొడుగులో అయిదో వంతు. దానికి వంతెన ఎత్తు కూడా కలపాలి, అది ఆ రోజు చెప్పడం మరిచిపోయాను." అక్క ఆయన్ని చూసిన చూపుకి ఏ స్కేలూ చాలదు. నేను మాత్రం ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాను. ఎంతైనా, దొంగ ఆ కడ్డీయేనని ముందు కనిపెట్టింది ఆయనే కదా.

సోమవారం ఏడింటికి పది నిమిషాల ముందే ఉద్యోగంలో చేరాను. ఆ ఆసుపత్రిలో నా చేతుల మీద పుట్టిన పిల్లలు ఇప్పుడు మోటారు సైకిళ్ళ మీద తిరుగుతున్నారు. తరవాత నాకూ ఒక మోపెడ్ వచ్చింది, ఆ తరవాత ఉద్యోగం పెద్దదై ఆసుపత్రి జీపు కూడా వచ్చింది. ఇప్పుడు అప్పుడప్పుడు ఆటోలో ఆ వంతెన మీదుగా వెళ్తూ ఉంటాను. పల్లం రాగానే ముందు కడ్డీ గట్టిగా పట్టుకుని, "భయ్యా, ధీరే, ధీరే" అంటాను. ఆటో అబ్బాయి అద్దంలోంచి చూసి నవ్వుతాడు. నేనూ నవ్వుతాను. ఓణీ ఎగరేసుకుంటూ ఇదే పల్లంలో మమ్మల్ని దాటి దూసుకుపోయిన ఒక పొట్టి పిల్ల ఆ అబ్బాయికి కనిపించదు. నాకు కనిపిస్తుంది. నెమ్మదిగా వెళ్ళమని దాన్ని కేకెయ్యాలని నోటిదాకా వస్తుంది గానీ, ఎప్పుడూ కేకెయ్యను.